‘ల’ మీది గుడిని ‘న’ మీదికి జరుపుట గురించి

మందుగుండు భద్రత మరియు తొలగింపు విభాగపు కార్యనిర్వాహక అధికారి గారి సముఖమునకు,

మార్కెట్టు వెనుక సందులో చివరి ఇంటివాడు (ఎర్ర జెండాలు కట్టిన ఇల్లు), బోర్డులు వ్రాయు పెయింటరు, చేతులు కట్టుకొని సమర్పించు నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: మా పెరటిలో పేలకుండా పడియున్న బాంబును, అది పేలకముందే తొలగించుట – తొలగింపు కాంట్రాక్టు ఏడవ నిబంధనలో దొర్లిన తప్పు – నా భార్య ఇంటికి తిరిగి వచ్చుట – గురించి.

సూచిక: నా మొదటి అర్జీ (జవాబు లేదు). నా రెండవ అర్జీ (జవాబు దేవాలయముల శాఖ నుండి వచ్చినది). నా మూడవ అర్జీ (పరిశీలనలో ఉన్నదట).

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను బోర్డులు వ్రాసి బ్రతుకువాడను. తమ కార్యాలయపు గుమ్మము మీది ‘అనుమతి లేనిదే లోనికి రారాదు’ అనునది నా చేతివ్రాతయే. అందులో ‘అ’కు ఇచ్చిన వంపును తమరు గమనించియే ఉంటారు. గమనించకున్నను ఫరవాలేదు, ఎవరూ గమనించరు. అక్షరము పక్కకు జరిగితే నాకు అన్నము సహించదని తెలియజేయుటకు మాత్రమే ఈ మాట వ్రాసితిని.

2. మురుగు పైపు వేయుటకు వచ్చిన కూలీలు మా పెరటిలో బట్టలుతుకు బండను పెకలించగా దాని క్రింద గునపము ఠంగుమన్నది. మేస్త్రీ వంగి, చీపురుతో మట్టి ఊడ్చి, మరికొంచెము ఊడ్చి, ఆ చీపురును పసిబిడ్డను పడుకోబెట్టినట్లు నేల మీద పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అతని చెప్పులు ఇప్పటికీ మా పెరట్లోనే ఉన్నాయి. కబురు పెట్టినా వచ్చి తీసుకోవడము లేదు.

అది బాంబు. పొట్ట లావు, తోక సన్నము, తోకకు రేకు రెక్కలు. ఏ కాలపు యుద్ధములోనో ఎవరి మీదనో వేయబోయి మా మీద వేశారు. అప్పుడు మేము లేము గనుక అది మా కోసము ఆగినది.

నా భార్య తడిబట్టల బకెట్టుతో అక్కడే నిలబడి ఉన్నది. బండను చూసింది, దాన్ని చూసింది, నన్ను చూసింది.

“ఏవండీ, పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నేను దుప్పట్లు బాదింది దీని నెత్తినేనా?”

అవునంటే తంటా, కాదంటే అబద్ధము.

“తడి దుప్పట్లండీ! రెండు చేతులా ఎత్తి, ఎత్తి బాదాను! మీ మీద కోపమొచ్చిన రోజున ఇంకా గట్టిగా బాదాను!”

ఆ రోజే పెట్టె సర్దుకొని వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. గుమ్మములో నిలబడి, “అది కదిలిన రోజున నేనొస్తా. అది ఉన్నన్నాళ్ళూ నా ఊసెత్తకండి” అన్నది. కావున బాంబు తొలగుటయు, నా సంసారము నిలబడుటయు ఒకే పనిగా భావించవలసినదిగా కోరుచున్నాను.

3. మాతోనే ఉండే మా అత్తగారు మాత్రము కూతురితో వెళ్ళలేదు. కొడుకు ఇంట కోడలు ఉన్నది. “బాంబుతోనైనా వేగుతాను గానీ అల్లుడు గారూ, ఆ కోడలితో మాత్రం నా వల్ల కాదు” అని తేల్చి చెప్పినారు.

4. బాంబు దొరికిన స్థలములో హెచ్చరిక బోర్డు పెట్టవలెనని కాంట్రాక్టు మూడవ నిబంధన. ఇంటివాడే పెయింటరు గనుక వాడే వ్రాసుకోవచ్చునని తమ సెక్షను గుమాస్తా గారు సెలవిచ్చినారు. వ్రాసితిని. పసుపు మీద నలుపు, గట్టి అంచు: ‘ప్రమాదము. పేలని బాంబు. దగ్గరకు రారాదు.’ నా జీవితములో అంత బాగా కుదిరిన బోర్డు లేదు. అదే మా కొంప ముంచింది.

సందులోని వారంతా గోడ పట్టుకొని చదివినారు. చదివి, “ఓస్, పేలని బాంబేనా! పేలదని మీరే రాశారు కదండీ, ఇంక భయమెందుకు?” అని ధైర్యముగా లోపలికి రాసాగినారు. ఇంతవరకు పేలలేదు అని నా అర్థము. ఇక పేలనే పేలదు అని వారి అర్థము. మాట ఒకటే. దాన్ని ఎవరు ఎటు లాగితే అటు వస్తున్నది. నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పినా ఎవరూ చెవిన వేసుకోలేదు. తుదకు మా అత్తగారు దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద పరచి, ఎండ పొడకు అక్కడే కూర్చొనుట మొదలుపెట్టినారు.

“అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, లేవండి!”

“పేలదని అంత అందంగా రాసి, ఇప్పుడు లేవమంటారేం? నడుముకి వెచ్చగా ఉంది బాబూ, ఉండనివ్వండి.”

5. కాంట్రాక్టు ఐదవ నిబంధన ప్రకారము, బాంబును అప్పగించువరకు ఇంటివాడు ఇల్లు విడువరాదు. విడిచినచో బాంబు అతని సొంత ఆస్తిగా పరిగణింపబడును. అందుచేత నేను కదలరాదు. నా రంగులు, థిన్నరు, కిరోసిను అంటుకొను వస్తువులు గనుక షెడ్డు తెరువరాదు. పెద్ద శబ్దము చేయరాదు. మేము తుమ్ము వస్తే ముక్కు మూసుకొని వీధిలోకి పరుగెత్తుతున్నాము. పెద్ద శబ్దము చేయరాదను ఆ నోటీసును తమ బంట్రోతు తెచ్చి, మా ఇనుప గేటును రెండు పిడికిళ్ళతో దబదబ బాది ఇచ్చిపోయినాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారు మాత్రము, “ఎవరో వచ్చారు, చూడండి” అన్నారు.

ఎర్ర జెండాలు కట్టుటకు ఇంట్లో వేరే ఎర్రగుడ్డ లేక నా భార్య కొత్త ఎర్ర దుప్పటి చించితిని. ఈ సంగతి ఆమెకు ఇంకా తెలియదు. తమరు కూడా చెప్పవద్దని ప్రార్థన.

6. ఇక అసలు సంగతి. తొలగింపు కాంట్రాక్టరు గారు పిలువగానే వచ్చినారు. కాదనను, మర్యాదస్థుడు. గేటు బయటనే నిలబడి మెడ సాచి అడిగినారు.

“పేలిందా సార్?”

“లేదండీ.”

“అయ్యో. పేలలేదా? అయితే మా పరిధిలోకి రాదు సార్. పేలాక ఒక్క ఫోన్ కొట్టండి, ఎక్కడున్నా వచ్చి వాలిపోతాం.”

“పేలాక నేనెలా ఫోన్ చేస్తానండీ?”

“మీరే చెయ్యాలని లేదు. ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చు.”

“ఇంట్లోవాళ్ళు మాత్రం ఉంటారా?”

ఆయన నిజముగానే ఆలోచించినారు. “పోనీ, పక్క సందువాళ్ళకి మా నంబరు ఇచ్చి ఉంచండి” అన్నారు.

నేను ఎగతాళి అనుకున్నాను. ఆయన సంచిలోనుండి కాంట్రాక్టు జిరాక్సు తీసి గేటు ఊచల మధ్య నుండి నా చేతికిచ్చినారు. ఏడవ నిబంధన ఇట్లున్నది: ‘పేలిన బాంబులను మాత్రమే కాంట్రాక్టరు తగు శిక్షణ గల సిబ్బందితో, ఇసుక నింపిన పెట్టెలో, నిప్పు గాని కుదుపు గాని తగులకుండ, అతి జాగ్రత్తగా తొలగించవలెను.’

పేలిపోయిన దానిని అంత జాగ్రత్తగా ఎందుకు ఎత్తవలెనో నాకు బోధపడలేదు. మిగతా నిబంధనలన్నీ చదివితిని. అన్నీ తిన్నగానే ఉన్నవి. ‘తొలగించు సమయమున బాంబు పేలిన యెడల కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించబడదు’ అను పన్నెండవది ముచ్చటగా ఉన్నది. అట్టి వాక్యము వ్రాసిన చేయి ఏడవదానిలో ఎందుకు జారినదో తెలియదు.

7. ఆ తప్పును పట్టుకొన్నది నేను కాదు, నా భార్య. ఊసెత్తవద్దన్నది గానీ ఫోను ఎత్తవద్దనలేదు. నేను ఏడవ నిబంధనను ఆమెకు చదివి వినిపించితిని. నా బోర్డులన్నిటికీ రంగు వేయకముందు తప్పులు దిద్దునది ఆమెయే. నిచ్చెన పట్టుకొని క్రింద నిలబడి, “ఆ కొమ్ము పొడుగైంది, ఆ సున్నా బక్కచిక్కింది” అని చెప్పుచుండును.

“ఏవండీ, మళ్ళీ చదవండి. ‘పేలిన’ అనా, ‘పేలని’ అనా?”

“పేలిన.”

“గుడి ఎక్కడుంది?”

“‘ల’ మీద.”

“‘న’ మీద ఉండాలి కదా! అది పేలని బాంబు కావాలండీ! టైపు చేసినవాడు గుడిని ఒకక్షరం ముందే పెట్టేశాడు.”

అయ్యా, ఎన్నో బోర్డులు వ్రాసిన నాకు కనిపించలేదు. ఒక్క గుడి! చిటికెన వ్రేలి గోరంత లేదు. అది ‘ల’ మీద కూర్చొనుటచేత నా భార్య వాళ్ళ అన్నయ్య ఇంట్లో కూర్చొన్నది.

8. నేను పరుగున తమ కార్యాలయమునకు వచ్చి (అరగంట ఇల్లు విడిచినందుకు మన్నించవలెను, అత్తగారిని బాంబు మీద కూర్చోబెట్టి వచ్చితిని) సెక్షను గుమాస్తా గారికి చూపించితిని.

“సంతకాలైపోయాయండీ. ఇప్పుడు మార్చడం కుదరదు.”

“మార్చొద్దండీ. జరపండి చాలు. కొత్త అక్షరం కూడా అక్కర్లేదు, ఉన్న గుడినే పక్కకి జరపండి.”

“రాసివ్వండి.”

వ్రాసి ఇచ్చితిని. ‘గుడిని కుడివైపునకు జరుపవలసినదిగా కోరుచున్నాను’ అని. అంతే! ఆ కాగితము గుడులూ గోపురాలూ చూచు శాఖకు వెళ్ళినది. అక్కడి నుండి ఒక పెద్దమనిషి టేపు పట్టుకొని మా ఇంటికి వచ్చినారు.

“గుడి ఏదండీ?”

“‘ల’ మీద ఉందండీ.”

“ల అంటే? కొండ పేరా?”

“అక్షరమండీ.”

“ఎంత జరపాలంటారు?”

“ఒక్కక్షరం.”

“అడుగుల్లో చెప్పండి సార్, కాగితం మీద అడుగుల్లోనే రాయాలి.”

ఇంతలో పెరట్లో ఎర్ర జెండాల మధ్య, దుప్పటి పరచిన దానిపై కదలక మెదలక కూర్చొన్న మా అత్తగారు ఆయన కంట పడినారు. చేతులు జోడించబోయి బోర్డు చదివినారు. ఆ టేపు కూడా మా పెరట్లోనే ఉన్నది, మేస్త్రీ చెప్పుల పక్కన.

నేను మరల గుమాస్తా గారి వద్దకు వచ్చి నాలుగు మాటలు అనిన మాట వాస్తవము. ఆయన, “ఆఫీసులో ఎక్కువ పేలకండి” అన్నారు. అయ్యా, ఈ మొత్తము వ్యవహారములో ఇంతవరకు పేలినది నా నోరొక్కటే. ఏడవ నిబంధన ప్రకారము కాంట్రాక్టరు గారు ఇసుక పెట్టెలో పెట్టి తీసుకొనిపోవలసినది నన్నే.

9. అందుచేత మూడవ అర్జీలో ‘గుడి’ అను మాటయే రానీయలేదు. ‘కాంట్రాక్టులో పేలిన అని ఉన్నచోట పేలని అని సవరించవలెను’ అని ఒకే ఒక వాక్యము వ్రాసితిని. నా భార్య కూడా ఫోనులో విని, బాగానే ఉందన్నది. ఇంతకంటె విడమరచి చెప్పుట మానవమాత్రుని వలన కాదు. దానికి ఇంతవరకు ఉలుకూ లేదు పలుకూ లేదు.

10. నాకు బాంబు అంటే భయమే. అయితే అది ఉన్న ఇంట్లో ఉండుట అలవాటైపోయినది. ఆమె లేని ఇంట్లో ఉండుట అలవాటు కాలేదు. నిచ్చెన పట్టుకొనుటకు మనిషి లేదు. నా అక్షరము తప్పని చెప్పు మనిషి లేదు. అత్తగారు ఏది చూపించినా బాగుందంటారు. ఇది కాంట్రాక్టుకు సంబంధించిన విషయము కాకపోవచ్చును గానీ ఎక్కడ వ్రాయవలెనో తెలియక ఇక్కడ వ్రాసితిని.

కావున తమరు దయతలచి మూడవ అర్జీని బయటికి తీయించి, అందు కోరిన సవరణ చేయించి, మా బాంబును, పేలకుండగనే, మా ఇంటి నుండి పంపించి, నా భార్యను మా ఇంటికి రప్పించవలసినదిగా వేడుకొనుచున్నాను. చెప్పుకోవలసినది ఇంకా ఉన్నది గానీ అత్తగారు కాఫీకి పిలుచుచున్నారు, లేచి పెట్టుకొనుటకు ఆమెకు బద్ధకముగా ఉన్నదట. అంతవరకు దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఐదవ నిబంధన మేరకు కదలలేనివాడు,
బోర్డులు వ్రాయు పెయింటరు

తా.క. అయ్యా! అయ్యా! అర్జీని మడిచి కవరులో పెట్టబోతుండగానే తమ బంట్రోతు మళ్ళీ గేటు బాది సవరణ ఉత్తర్వు ఇచ్చిపోయాడు. ‘అర్జీదారు కోరిన విధముగా’ అని మొదలైంది. ఏడవ నిబంధన చూశాను. పేలని బాంబులను! గుడి ‘న’ మీద, రాణీలా కూర్చుని ఉంది. ఆనందం పట్టలేక మిగతాది చదవకుండా నా భార్యకు ఫోన్ చేశాను.

“వచ్చేయ్, అది పోతోంది!”

“గుడి జరిగిందా?”

“జరిగింది!”

“బయల్దేరుతున్నా” అంది. పెట్టె ఇన్నాళ్ళూ విప్పనే లేదట. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

తర్వాత కాంట్రాక్టరు గారు వచ్చారు. మొట్టమొదటిసారి గేటు దాటి లోపలికి వచ్చారు. చేతిలో ఇసుక పెట్టె లేదు. సమ్మెట ఉంది.

“ఇదెందుకండీ?”

“పన్నెండోది చూడండి సార్.”

చూశాను. తమ వాళ్ళు ‘పేలిన’ అని ఉన్నచోటల్లా ‘పేలని’ అని సవరించారు. నేను కోరినట్టే. పన్నెండవ నిబంధన ఇప్పుడు ఇలా ఉంది: ‘తొలగించు సమయమున బాంబు పేలని యెడల కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించబడదు.’

“నాకూ పిల్లలున్నారు సార్. బిల్లు రావాలి కదా” అన్నాడు.

“పేలితే మీరు మాత్రం మిగుల్తారా?”

“అందుకే మావాళ్ళెవరూ సమ్మెట పట్టుకోం అంటున్నారు. సార్, ఒక మాట. ఆ బట్టలుతికే బండ ఉందిగా, దాన్ని మళ్ళీ ఎప్పట్లాగే పైన పెట్టించి, అమ్మగారొచ్చాక నాలుగు తడి దుప్పట్లు బాదించండి. మేం సందు మొదట్లో నిలబడతాం. ఆవిడది అనుభవం ఉన్న చెయ్యి.”

ప్రస్తుతానికి మా అత్తగారు దాని మీద నుంచి లేవడం లేదు. “పెద్దావిడ లేస్తే పని మొదలెడతాం” అని ఆయన సమ్మెట మీద గడ్డం ఆనించి ఎదురుచూస్తున్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆ కాళ్ళు పట్టుకునే ఇది రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి, ఇంతకంటే రాయలేను, గేటు దగ్గర రిక్షా ఆగింది

మరొక తా.క. అయ్యా, ఇది రాసేది పెయింటరు గారి భార్యని. అక్షరం పాడవుతోందని ఆయన పెన్ను నాకిచ్చారు. అది కదిలితేగానీ రానన్నదాన్ని, వచ్చేశాను. వచ్చి చూస్తే అమ్మ దాని మీదుంది, ఈయన కింద ఉన్నారు, నా కొత్త దుప్పటి జెండాలై ఊగుతోంది. దుప్పటి సంగతి తర్వాత చూసుకుంటాను. నేనూ వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. ఆయన్నీ పిలిచాను. కాస్త ఇరుకే గానీ ముగ్గురం సర్దుకున్నాం. ముగ్గురు మనుషులున్న చోట సమ్మెట వేయడానికి కాంట్రాక్టరు గారికి మనసొప్పడం లేదు, పాపం.

ఏడో నిబంధన జోలికి మళ్ళీ పోకండి, అది బాగుంది. పన్నెండో దాంట్లో మాత్రం ‘న’ మీది గుడిని వెనక్కి తీసి ‘ల’ మీద పెట్టండి. గుడంటే అక్షరం మీద గుడి. ఆ ఒక్కచోటే. ఆ కాగితం చేతికొచ్చేదాకా మేం లేవం.

బంట్రోతుతోనే పంపండి, అభ్యంతరం లేదు. గేటు మాత్రం కొట్టొద్దని చెప్పండి.